క్రిందినుండి వచ్చిన గురువు: గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసము

గిడుగు రామమూర్తి పంతులుగారి పేర జరుగు ఉపన్యాసమును ఇట్టి భాషలో చదువుటకు నేను పూనుకొనుట చూచి మీలో కొందఱు చిఱునవ్వు నవ్వుచున్నారు. ఆ నవ్వునకు కారణము నాకు తెలియును. జీవితములోని ఉత్తరార్ధమునంతటిని వాడుకభాషకై ధారవోసిన మహనీయుని సభలో 'నవ్వుచున్నారు', 'తెలియును' అనువాడు ఎక్కడినుండి వచ్చెనని మీ యాక్షేపము. నాకు అక్షరము నేర్పిన తరము ఈ భాషనే చేతికిచ్చినది. ఈ వయసున చేతివ్రాత మార్చుకొనలేనట్లే దీనిని మార్చుకొనలేను. పంతులుగారే ఈ సభలో కూర్చుండియున్నచో, నేను గ్రాంథికము వ్రాసితినని కోపింపక, నా గ్రాంథికములో తప్పులెన్ని యున్నవో లెక్కించి పట్టికగా చదివి వినిపించియుందురు. 'ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజము' అను గ్రంథములో వారు చేసిన పని అదియే గదా!

వారి జన్మదినమగు ఆగష్టు 29వ తేదీని మనము ఏటేట తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు వేదికలపై వినవచ్చునదంతయు వాడుకభాష కథయే. 1880లో, ఇంకను నూనూగుమీసముల ప్రాయమున, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరి, ఆ ప్రాంతపు కొండలలోని సవరలను చూచి, వారి భాష నేర్చి వారికి చదువు చెప్పవలెనని సంకల్పించి, ఆ సంకల్పమును అర్ధశతాబ్దికాలము విడువక పట్టుకొని, తుదకు 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును అచ్చులో చూచుకొన్న కథ మాత్రము ఒకటి రెండు వాక్యములలో ముగిసిపోవుచున్నది. నా దృష్టిలో ఆ కథయే ముందుది. రెండవది దానిలోనుండి ఎట్లు వచ్చెనో తరువాత మనవి చేసెదను.

నేటి నా ప్రసంగవిషయము, తనది కాని సంస్కృతిలోనికి పోయి పాఠము చెప్పవలసివచ్చిన ఉపాధ్యాయుని అవస్థ. దీనిని గూర్చి మాటలాడువారు సామాన్యముగా భోజనము పడకపోవుటను, నీరు సరిపడక జ్వరము వచ్చుటను, భాష తెలియక సైగలతో నెట్టుకొనివచ్చుటను, పండుగనాడు ఇల్లు గుర్తునకు వచ్చుటను చెప్పుదురు. ఇవి అన్నియు నిజములే. ఐనను కొంతకాలము గడచినంతనే వీనిలో చాలవఱకు తమంతట తామే చల్లబడును. నాలుక కొత్తరుచికి అలవాటుపడును, చెవి కొత్తధ్వనికి అలవాటుపడును. వీనికంటె లోతైన కష్టమొకటి కలదు. దానిని ఉపాధ్యాయశిక్షణకళాశాలలలో ఎవరును చెప్పరు.

మన పల్లెలలో వీథిబడి పంతులుగారి అధికారము ఎక్కడినుండి వచ్చుచుండెనో ఒక్కసారి తలచుకొనుడు. పంతులు ఊరిలో కాలు పెట్టకమునుపే ఆయన పీట వేయబడియుండెను. విజయదశమినాడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని పళ్లెములోని బియ్యముపై వ్రేలితో అక్షరములు దిద్దించుట, ఆ పండుగదినములలోనే పిల్లలు రంగుల విల్లమ్ములు చేతబట్టి గురువుగారి వెంట ఇంటింటికి తిరుగుట, గృహస్థులు పిల్లలకు పప్పుబెల్లములు, గురువునకు దక్షిణ యిచ్చుట అను ఆచారములన్నియు కలిసి, ఆ మనుష్యుడు పండితుడైనను కాకున్నను, శాంతమూర్తియైనను బెత్తపుమూర్తియైనను, ఆయన మాటకు ముందుగానే ఒక బరువును కల్పించియుంచెను. గురువు దానిని సంపాదించుకొనలేదు. సమాజము ఆయనకు అప్పగించినది. కావుననే అది తనదని, తన విద్యవలన వచ్చినదని ఆయన భ్రమపడుచుండెను.

ఇట్టివాడు కొండ యెక్కినప్పుడు పుస్తకములు, పలకలు, జీతపు ఉత్తరువు వెంట వచ్చును గాని ఆ బరువు వెంట రాదు. అంతమాత్రమైనచో శూన్యమునుండి ప్రారంభింపవచ్చును. కాని అక్కడ శూన్యము లేదు. కొండవారికి అతడు కొత్తవాడు కాడు. అతనికంటె ముందు అతనివంటివారు అనేకులు వచ్చియున్నారు. ఇదియే నేను నేడు ముఖ్యముగా చెప్పదలచినది. పరసంస్కృతిలో అడుగిడిన ఉపాధ్యాయుడు తన కంతయు అపరిచితముగా నున్నదని వాపోవునే గాని, తాను అక్కడివారికి ఎంత సుపరిచితుడో ఊహింపడు. అతని పంచెకట్టును, అతని చేతిలోని కాగితమును, అతడు 'ఒరే' అని పిలుచు తీరును వారు ఎన్నడో చదివి పెట్టుకొన్నారు.

పర్లాకిమిడి జమీందారీ మన్నెపుకొండలలోని సవరలకు క్రిందివాడనగా ఎవడు? మామూలు వసూలుచేయు బిస్సోయీ యొకడు; సారాను అప్పుగా పోసి పంటదినములలో గింజలు కొలుచుకొనిపోవు వర్తకుడొకడు; పోడు నఱికినందుకు జరిమానా వేయు అడవిబంట్రోతు ఒకడు; కచ్చేరిలో తమకు తెలియని భాషలో తమ మాటనే మార్చి వ్రాయు గుమాస్తా ఒకడు. అక్షరమనునది వారి యనుభవములో జ్ఞానసాధనము కాదు, ఋణపత్రము. అట్టి ఊరికి ఒక మనుష్యుడు వచ్చి, ఆ యక్షరమునే మీ బిడ్డలకు నేర్పెదను, వారిని పగలెల్ల నాకడ నుంచుడని అడిగినచో, వెంటనే తలయూపక అనుమానముతో చూచినవారిని అజ్ఞానులనుట న్యాయమా? ఆ యనుమానము వివేకము.

పంతులుగారు దీనిని ఎంతవఱకు మాటలలో పెట్టి ఆలోచించిరో గాని, వారు నడచిన వరుస చూచినచో, గ్రహించియున్నారనియే తోచును. వారు మొదట బడి పెట్టలేదు. మొదట, తెలుగును సవరమును రెండును తెలిసిన ఒకనిని తమ యింటిలోనే నిలుపుకొని, అతనికడ పాఠము చెప్పించుకొనిరి. రాజావారి పాఠశాలలో పగలు బల్లకు ఈవల నిలిచి చరిత్రపాఠము చెప్పు ఉపాధ్యాయుడు, ఇంటికి వచ్చి, లోకము చదువురానివాడని త్రోసివేసిన మనుష్యునియెదుట తప్పుమాటలు పలికి దిద్దించుకొనుట అప్పటి కులమర్యాదలు తెలిసినవారికి ఎంత విపరీతముగా కనబడియుండునో ఊహించుకొనుడు. అది కొన్ని నెలల ముచ్చట కాదు, ఏండ్ల తరబడి సాగిన పరిశ్రమ. మన్నెములో తిరిగినందులకు చలిజ్వరము, చలిజ్వరమునకు క్వినైను, క్వినైనువలన చెవుడు సంప్రాప్తమయ్యెనని వారి జీవితకథ వ్రాసినవారు చెప్పుదురు. వినికిడిని ధ్వనిశాస్త్రమునకు మూలధనముగా పెట్టుకొన్నవానికి చెవులే పోవుట!

సవరము తెలుగునకు చుట్టము కాదు. అది ముండాభాష, మన ద్రావిడభాషలతో గాని, ఉత్తరపు ఆర్యభాషలతో గాని దానికి జన్మసంబంధము లేదు. క్రియాపదములోనికి నామపదమును జొనిపి ఒకే మాటగా చేయు దాని నిర్మాణము, గొంతులో చటుక్కున ఆగిపోవు దాని ధ్వనులు తెలుగు చెవికి, తెలుగు లిపికి అంత సులభముగా లొంగవు. వ్యాకరణమెట్లు కూర్చవలెనో చెప్పు గురువు దగ్గఱలో లేనందున, పంతులుగారు ఆనాడు కొత్తగా వెలువడుచున్న పాశ్చాత్యభాషాశాస్త్రగ్రంథములు తెప్పించుకొని ఆ విద్యను స్వయముగా అభ్యసించిరి. ముఖలింగాలయములలోని శాసనములను సైతము ఇట్లే తమంతట తాము చదువ నేర్చిన మనుష్యుడాయన.

తరువాతనే బడులు వచ్చినవి. సవరభాషలో పుస్తకములు వ్రాసి, తమ సొంతసొమ్ముతో పాఠశాలలు నెలకొల్పి, అందలి ఉపాధ్యాయులకు జీతములు తామే చెల్లించిరి. 1913లో ప్రభుత్వము ఈ కృషిని మెచ్చి వారికి బిరుదమిచ్చెను. బిరుదుమాట యందఱికి గుర్తున్నది. ఆ జీతములు పుచ్చుకొని బడులలో కూర్చుండి పాఠము చెప్పినవారి పేర్లు మాత్రము మన స్మరణలో లేవు. నేటి ఉపన్యాసము న్యాయముగా వారికి చెందవలసినది. పంతులుగారు నిఘంటువు కూర్చిరి. ఆ నిఘంటువులోని మనుష్యులతో దినదినము మెలగుట ఆ పేరులేని పంతుళ్ల వంతయ్యెను.

వారికి ఎదురైయుండు చిక్కులలో కొన్ని నేటి కొండబడులలో పనిచేయు ఉపాధ్యాయులకును తెలిసినవే. ముందుగా లెక్కల సంగతి చెప్పెదను, ఏలయన లెక్క సర్వదేశములయందు ఒక్కటేయని, భాష మాఱినను ఎక్కము మాఱదని మనకొక దృఢవిశ్వాసము కలదు. సవరల సంఖ్యాపద్ధతి 10 దగ్గఱ మలుపు తిరుగదు. 12 దగ్గఱ తిరుగును. 13 అనగా 12మీద 1. 14 అనగా 12మీద 2. ఇట్లు 19 అనగా 12మీద 7 వఱకు పోయి, 20 దగ్గఱ కొత్త పుంజము కట్టును. 33 అనవలెనన్నచో 20, దానిపై 12, దానిపై 1 అనవలెను. ఈ గణితమును తల్లిదండ్రులనోట విని నేర్చి, మనస్సులో తడబాటు లేక కూడికలు చేయగల బాలుడు బడికి వచ్చినంతనే, పంతులు నల్లబల్లపై పది గీతలకొక కట్ట కట్టి, మిగిలినవానిని ఒకట్లస్థానములో వ్రాయుమనును. బాలుడు తెల్లబోవును. పంతులు తన డైరీలో 'లెక్కలలో వెనుకబాటు' అని వ్రాసికొనును. ఆ బాలుడు ఒకేసారి రెండు ఆధారసంఖ్యలతో లెక్కించుచున్నాడనియు, అట్టి విద్యను మన పిల్లలకు పెద్దతరగతులలో గాని చెప్పమనియు ఆ డైరీని తనిఖీచేయు అధికారికి తట్టదు.

రెండవది పేరు. బడిలో మొదట జరుగు పని హాజరుపట్టీలో పేరెక్కించుట. కొండపిల్లల పేర్లు నోరు తిరుగవనియో, నాగరికముగా లేవనియో, ఉపాధ్యాయుడు అప్పటికప్పుడు దేవతల పేరో సినిమానటుల పేరో పెట్టి వ్రాసికొను అలవాటు మన మన్నెపుబడులలో చాలకాలమునుండి కలదు. పెట్టినవానికి అది చిన్నపని, పైగా దయతో చేసిన పని. సవరలయందు పేరు అనునది వంశములో గతించినవారినుండి బిడ్డకు సంక్రమించును. వారి సంప్రదాయములో మృతులు మౌనులు కారు. పూనకములో కూర్చున్న పూజారిణి నోట వారు మాటలాడుదురు, బ్రతికియున్నవారు వారితో వాదింతురు, నిష్ఠురములాడుదురు, ఏడ్తురు, రాజీపడుదురు. కాలక్రమమున మృతుని దుఃఖము శమించి అతడు పితరులలో చేరిన పిమ్మట, అతని పేరు ఒక శిశువునకు వచ్చును. ఆ పేరును పట్టీలోనుండి కొట్టివేసినవాడు ఒక పలుకును మార్చితిననుకొనును. తల్లిదండ్రుల దృష్టిలో అతడు ఒక పెద్దను ఇంటినుండి వెడలగొట్టినవాడగును. నేడు సవరలలో అనేకులు క్రైస్తవమతమును స్వీకరించిరి. ఆ సంభాషణలు చాల గ్రామములలో ఆగిపోయినవి. ఐనను పేరు మార్చుటకు పంతులునకు అధికారమెవరిచ్చిరను ప్రశ్న అట్లే యున్నది.

మూడవది కాలము. మన విద్యాసంవత్సరము మైదానపు సెలవులతో కట్టబడినది. కొండపై పోడు కొట్టుటకొక కాలము, కాల్చుటకొక కాలము, విత్తుటకొకటి, పంట కంకి పట్టినప్పుడు పక్షులను, అడవిజంతువులను తోలుటకొకటి కలవు. ఆ కాపలా పనిలో పిల్లలకు పెద్దల యంత వంతున్నది. సరిగా అప్పుడే మన పరీక్షలు, తనిఖీలు వచ్చును. బడికి రాని బాలుని సోమరియనువాడు ఆ బాలుడు మంచెపై గడపిన రాత్రిని లెక్కలోనికి తీసికొనడు. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పనవసరము లేదు. పంచాంగము మార్చుట జిల్లా అధికారి చేతిలోని పని, సంస్కృతీసంఘర్షణయని పెద్దపేరు పెట్టి వాయిదా వేయదగిన పని కాదు.

ఆతిథ్యమును గూర్చి నన్ను పలువురు యువోపాధ్యాయులు అడిగియున్నారు: జీలుగుకల్లు పోసి త్రాగుమన్నచో ఏమి చేయవలెను? మాంసము ముట్టనివాడు జాతఱలో ఏమి తినవలెను? నా సమాధానము వారిని నిరాశపఱచును. త్రాగనక్కఱలేదు, తిననక్కఱలేదు. మాకు ఆచారము లేదని సూటిగా చెప్పినచో కొండవారు అర్థము చేసికొందురు, ఏలయన వారికిని తమ వంశములవారీగా నిషేధములున్నవి. నిషేధమును గౌరవించుట వారికి మనకంటె ఎక్కువ తెలియును. వారు క్షమింపనిది నిరాకరణమును కాదు, నిరాకరించునప్పటి ముఖభంగిమను. వేషము మార్చి, వారితో కలిసి త్రాగి, నేను మీలో ఒకడనని చెప్పుకొను ఉపాధ్యాయుని చూచి ఊరు నవ్వుకొనును. అట్టివారిని కొందఱను నేనెఱుగుదును, వారి ఉత్సాహము మొదటి వర్షాకాలముతో సరి.

ఇక వాడుకభాషోద్యమము ఈ కొండలకథలోనుండి ఎట్లు వచ్చెనో చెప్పెదనంటిని. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున ఉత్తరకోస్తాజిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జే. ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు, తెలుగు నేర్చుకొనుచు, పుస్తకములోని తెలుగునకు, వీథిలోని తెలుగునకు ఇంత భేదమేలయని మన పండితులను అడిగెను. విశాఖపట్టణము కళాశాల ప్రధానాచార్యులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఇద్దఱున్నారని గురజాడ అప్పారావుగారిని, గిడుగు రామమూర్తిగారిని చూపిరి. మన చరిత్రకారులు దీనిని ఉద్యమారంభఘట్టముగా వ్రాయుదురు. నేను దీనిని మఱొక కోణమునుండి చూచుచున్నాను. యేట్సు మన సంస్కృతిలో పరదేశి. ఇక్కడ పుట్టి పెరిగిన పండితులలో పలువురు అడుగని ప్రశ్న అతడు అడిగెను. అడుగగలుగుటకు కారణము అతని ప్రతిభ కాదు. మన అలవాటు అతనికి లేకపోవుటయే.

పరీక్షాధికారి కావున ఆ ప్రశ్నకు విలువ వచ్చెను. సవరబాలుడు బడిలో ఇట్టి ప్రశ్నయే అడిగినచో బెత్తము వచ్చియుండును. ఈ భేదమును మఱచి, పరదేశిదృష్టి గొప్పదని పొగడుట చాలదు. కాని పంతులుగారు ఆ ప్రశ్నకు అప్పటికే సిద్ధముగా నుండిరి. లిపి యెఱుగని, పుస్తకమెఱుగని, పండితుడెఱుగని భాషకు తప్పరాని వ్యాకరణనియమములున్నవని సవరలకడ వారు కన్నులార చూచియుండిరి. అట్టివానికి, శిష్టులు నోటితో పలుకు తెలుగునకు వ్యాకరణము లేదను వాదము ఎట్లు నిలుచును? గ్రంథములనుండి లోకమునకు వచ్చినవారు చూడలేనిదానిని వారు కొండనుండి క్రిందికి వచ్చి చూచిరి. ఇది నా యూహ. దీనికి పత్రాధారము చూపుమన్నచో వారి జీవితములోని సంవత్సరముల క్రమమే చూపగలను.

పంతులుగారు చనిపోయిన 1940వ సంవత్సరముననే నైజాము రాజ్యములో, ఆదిలాబాదు అడవులలోని జోడేఘాటులో, కొమరం భీము పోలీసుకాల్పులలో మరణించెను. రిజర్వు అడవుల గీతలు, భూములను క్రమముగా కాజేయుచున్న వడ్డీవ్యాపారులు, పట్వారీలు గోండులను ఎంతదూరము నెట్టిరో ఆ సంఘటన రాజ్యమునకు తెలియజేసెను. ఆ తరువాత గోండుల స్థితిగతులు పరిశీలింపుమని ప్రభుత్వము నియమించిన మనుష్యుడు వియన్నాలో పుట్టిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు. యుద్ధకాలమున బ్రిటిషువారి దృష్టిలో అతడు శత్రుదేశీయుడు. హైదరాబాదు రాజ్యములో ఉండుటకు అనుమతి దొరికినవాడు. తాను బందీవలె నున్న దేశములో, ఆ దేశమువారికే పరాయివారుగా నున్న గోండులనడుమ, మార్లవాయి అను గ్రామమున అతడును అతని భార్య బెట్టీయు నివసించిరి.

1943లో మార్లవాయిలో ఆరంభమైన గోండు విద్యాపథకము పంతులుగారి మార్గమును ఒక అడుగు ముందునకు తీసికొనిపోయినది. క్రిందినుండి వచ్చిన ఉపాధ్యాయుని కొండకు అలవాటుచేయుట ఎంత ప్రయాసమో గ్రహించి, అక్కడివారు గోండుయువకులనే ఎన్నుకొని, వారికి ముందు చదువు, పిమ్మట బోధనాశిక్షణ యిచ్చి ఉపాధ్యాయులనుగా తయారుచేసిరి. గోండిభాషలో, దేవనాగరిలిపిలో వాచకములు వెలసినవి. ఆ ప్రాంతమున అప్పుడు మరాఠీ వ్యవహారభాషగా నుండుటచేత ఆ లిపి. అక్షరము నేర్చిన గోండు మొదట చేయగలిగినది ఏమనగా, పట్వారీ కాగితములో తన భూమిపేర ఏమి వ్రాసియున్నదో చదువుట. ఋణపత్రమైన అక్షరము అతని చేతిలో ఋణపత్రమును చదువు అక్షరమయ్యెను. బడిమీది అనుమానము ఇట్లు తొలగును గాని, విద్యామహిమను గూర్చి చేయు ఉపన్యాసములవలన తొలగదు.

గోండులకు అంతకుముందు గురువులు లేరనుకొనుట పొరపాటు. కిక్రి వాయించుచు వంశకథలను, పేర్సాపేన్ దేవతల పుట్టుపూర్వోత్తరములను రాత్రులు తెల్లవారునట్లు గానముచేయు ప్రధానులు ఆ జాతికి చరిత్రోపాధ్యాయులు. వారి పాఠశాలకు గోడలు లేవు, పట్టీ లేదు. శ్రోతలు మాత్రము తప్పక వచ్చుచుండిరి. కొత్తబడిపంతులు ఏ గ్రామమునకు పోయినను ఇట్టి పాతగురువొకడు అక్కడ ముందే యుండును. అతనిని మూఢుడని త్రోసివేసినవాడు ఊరినంతటిని పోగొట్టుకొనును. అతనికడకు పోయి కూర్చుండి వినినవానికి పాఠ్యపుస్తకమే దొరకును. మార్లవాయి వాచకములలో గోండుల సొంతకథలు చోటుచేసికొన్నది ఇందువలననే.

ఆ పథకము నిలువలేదు. రాజ్యము మాఱెను, 1956లో రాష్ట్రము మాఱెను, బోధనాభాష తెలుగయ్యెను, గోండివాచకములు మూలబడినవి. దశాబ్దముల తరువాత తిరిగివచ్చి చూచిన హైమెండార్ఫ్, గోండిలో బోధన అంతరించుటను, స్థానికులు కాని ఉపాధ్యాయులు తఱచుగా బడికి రాకుండుటను ఖేదముతో వ్రాసెను. 1987లో హైదరాబాదున మరణించిన బెట్టీని ఆ దంపతుల కోరికమేరకు మార్లవాయిలోనే సమాధిచేసిరి. గోండులు ఏటేట అక్కడ కూడి స్మరింతురు. వాచకములను నిలుపుకొనలేకపోయిన ప్రభుత్వముల ప్రతినిధులు ఆ సభలకు వచ్చి పూలదండలు వేయుదురని పత్రికలలో చదివినప్పుడు నాకు కొంచెము నవ్వు, కొంచెము మంట కలుగును.

సత్సంకల్పముతో వచ్చిన గురువునకును ఒక హద్దు కలదు. దానిని దాచి పంతులుగారిని పొగడుట వారికి గౌరవము కాదు. వారు నిఘంటువును పూర్తిచేయుచున్న 1936వ సంవత్సరమునందే, గుణుపురము ప్రాంతమున మంగై గొమాంగో అను సవర, తన జాతికొక సొంతలిపిని వెలువరించెను. అది సొరాంగ్ సొంపెంగ్. అందలి 24 అక్షరములను సవరలు దైవదత్తములుగా భావించి పూజింతురు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అక్షరములు మూడును చేరువలో నుండగా నాలుగవ లిపి యెందులకని పండితుడు అడుగవచ్చును. వారికి కావలసినది సౌకర్యము మాత్రమే యైనచో ఆ ప్రశ్న చెల్లును. క్రిందినుండి ఎంత మంచివాడు తెచ్చియిచ్చినను, ఇచ్చినది ఇచ్చినదే. తమలోనుండి వచ్చినదానికి వేఱొక విలువ యుండును. వాడుకభాషకై పోరాడిన పంతులుగారు దీనిని తప్పుపట్టియుందురని నేననుకొనను.

అదే సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేకరాష్ట్రమయ్యెను. పర్లాకిమిడి అందులో చేరినది. అర్ధశతాబ్దికి మించి ఆ పట్టణములో బ్రతికిన పంతులుగారు, ఆ నిర్ణయమును సహింపలేక, ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఇతరుల భాషను తమ యింటికి తెచ్చుకొనినవారు తమ భాష పాలనలో లేని యూరిలో నిలువలేకపోయిరి. దీనిని వైరుద్ధ్యమందురా? నేననను. తన భాషయందు ఇంత పట్టుదల గలవానికే సవరబాలుని మాతృభాషయొక్క బరువు తెలియును. భాష ఏదైననేమి, పని గడచిన చాలుననువాడు అంత శ్రమపడి ముండావ్యాకరణము వ్రాయడు.

నేడు మన ఉపాధ్యాయులు కొండలకు మాత్రమే గాక సముద్రములు దాటియు పోవుచున్నారు. ఇథియోపియాలో హైలీ సెలాసీ చక్రవర్తి కాలమున భారతీయులైన ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో పనిచేసిరి; ఇప్పుడు మనవారు కొందఱు అమెరికా పాఠశాలలలో గణితము, విజ్ఞానశాస్త్రము బోధించుచున్నారు. వారు తిరిగివచ్చి చెప్పు మొదటిమాట: అక్కడ పిల్లలు గురువు లోనికి రాగానే లేచి నిలువరు, ఎదురుప్రశ్న వేయుదురు. మర్యాద లేదని వారి బాధ. మర్యాద వేఱొక రూపములో నున్నదని కొందఱు ఏడాదిలో గ్రహింతురు, కొందఱు ఎన్నడును గ్రహింపరు. వారికొక సౌకర్యమున్నది: అక్కడ మనము పాలకులము కాము, అప్పిచ్చినవారము కాము, మన పేర పాతబాకీలేవియు లేవు. సవరలు నివసించు సీతంపేట కొండలకు పోయిన ఉపాధ్యాయునికి ఆ సౌకర్యము లేదు. న్యూయార్కు వెళ్లువానికి మనము శిక్షణ యిచ్చి పంపుదుము. సీతంపేటకు వెళ్లువానికి బదిలీ ఉత్తరువు మాత్రమే యిత్తుము, అదియు తఱచుగా శిక్షగా.

2000 సంవత్సరము జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, 3వ నంబరు ఉత్తరువుద్వారా, షెడ్యూల్డు ప్రాంతముల బడులలోని ఉపాధ్యాయోద్యోగములన్నియు స్థానికగిరిజనులకే చెందవలెనని నిర్ణయించెను. 2020 ఏప్రిల్ 22వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము నూటికి నూఱు పాళ్ల ఆ కేటాయింపు చెల్లదని కొట్టివేసెను. న్యాయశాస్త్రము నాకు తెలియదు, ధర్మాసనముతో వాదింపను. ఉత్తరువు పోయినను, దానికి మూలమైన అనుభవము పోలేదు. కొండపై ఉద్యోగము, క్రిందియూరిలో కాపురము పెట్టుకొని, బస్సు దొరకిననాడు వచ్చి, దొరకనినాడు మానుకొను ఏకోపాధ్యాయుని చూచి చూచి విసిగిన ఊళ్లు ఇంకను అక్కడనే యున్నవి.

స్థానికుడే పంతులైనచో చిక్కులన్నియు తీరునను నమ్మకము కూడ నాకు లేదు. ఆదిలాబాదులో గోండుయువకుడు కొలాముల గూడెమునకు ఉపాధ్యాయుడుగా పోవును. గోండి వేఱు, కొలామి వేఱు. రెండును ద్రావిడభాషలే యైనను ఒకరిమాట ఒకరికి తెలియదు. సంఖ్యలో, బలములో పెద్దవారైన గోండులను కొలాములు ఏ దృష్టితో చూతురో, ఆ యువకునికి తెలియవలసినదే. ఈ శతాబ్ది తొలి దశకమున ప్రభుత్వము సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి మున్నగు ఎనిమిది భాషలలో తెలుగులిపితో వాచకములు వేయించినది, మంచిపని. ఆ వాచకము చేతబట్టి గూడెము చేరిన గోండుపంతులు, మొదటి వారము పాఠమునకు ముందు, ఎవరి యింట కూర్చుండవలెను, ఎవరికడ మాట దిద్దించుకొనవలెను అను సంగతి ఆ వాచకములో లేదు. రామమూర్తి పంతులుగారు తమ యింటిలో నిలుపుకొన్న ఆ సవరమాటకారివంటి కొలామును ప్రతి బడికొకనిని, పంతులునకు భాష చెప్పు గురువుగా, జీతమిచ్చి నియమింపవలెనని నా ప్రార్థన. ఈ సభనుండి విద్యాశాఖవారికి ఒక విజ్ఞప్తి పంపుటకు అధ్యక్షులవారు అనుమతింతురేని, ముసాయిదా నాయొద్ద సిద్ధముగా నున్నది.